నా మాట వినని ఏడు కుటుంబాలు

మత్స్యశాఖలో ముప్పై మూడేళ్ళు పనిచేశాను గానీ నాకు ఈత రాదు. ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది, ఎందుకంటే తర్వాత ఒకచోట నేను పడవ ఎక్కాల్సి వస్తుంది. మా నాయన వెల్గటూరు దగ్గర కల్లుకు తాటిచెట్లు గీసేవాడు. గోదావరి నడిచిపోయేంత దూరంలోనే ఉన్నా మా ఇంట్లో అందరి చూపూ చెట్ల మీదికే తప్ప నీళ్ళ మీదికి పోయేది కాదు. ఏ శాఖలో ఉద్యోగం వస్తే ఆ శాఖలో చేరే రోజులవి. నాకు చేపలు వచ్చాయి.

నాది ఫీల్డ్‌మన్ ఉద్యోగం. చెరువుల్లో చేపపిల్లలను వదిలించడం, మత్స్య సంఘాల సభ్యత్వాలు చూడటం, గొడవలైతే వెళ్ళి విచారించి రిపోర్టు రాయడం. ఎక్కువకాలం జగిత్యాల చుట్టుపక్కల చెరువుల మీదే గడిచింది. ఇల్లు కోరుట్లలో కట్టుకున్నాను. చివరి మూడేళ్ళు సిరిసిల్లకు వేశారు. సోమవారం పొద్దున బస్సెక్కి వెళ్ళి, శనివారం సాయంత్రం ఇంటికి చేరేవాణ్ణి.

ఇప్పుడు శాఖలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడూ ఫోన్ చేస్తుంటారు. ఏ రకం చేపపిల్ల ఏ చెరువులో బతుకుతుంది, సంఘాలతో ఎట్లా నెగ్గుకురావాలి అని అడుగుతారు. అవి నాకంటే బాగా చెప్పేవాళ్ళున్నారు. నేను చెప్పగలిగింది ఒకటే. ఒకసారి నేను వేలు పెట్టి ఒక గీత చూపించాను. అది తప్పు గీత. ఆ కథ చెప్తాను, వినండి.

సిరిసిల్ల పక్కన జలాశయం కట్టినప్పుడు కొన్ని ఊళ్ళు మునిగాయి. ఆ ఊళ్ళవాళ్ళకు గట్టుకు ఇవతల కాలనీలు వెలిశాయి. భూములు పోయినవాళ్ళలో కొందరు వల వేయడం నేర్చుకుని సంఘం పెట్టుకున్నారు. ఆ సంఘం అధ్యక్షుడు ఒకప్పుడు వరి, పత్తి పండించిన రైతు. ఆయన రోజూ వల వేసే చోటికి సరిగ్గా కింద ఆయన పొలమే ఉండేది. ఆ మాట ఆయన ఎప్పుడూ తనంతట తాను చెప్పేవాడు కాదు, అడిగితే మాత్రం బావి ఎక్కడ, కొట్టం ఎక్కడ అని పడవలోంచి చూపించేవాడు.

నా రిటైర్మెంటుకు ఇంకా ఏడాది ఉందనగా, ఎండాకాలంలో, సముద్రం ఒడ్డు నుంచి ఏడు కుటుంబాలు ఆ జలాశయం మీదికి వచ్చాయి. ఎవరో కాంట్రాక్టరు చేపలు పట్టే పని ఉందని లారీలో తెచ్చి దింపాడట. దింపినవాడు నెల తిరక్కుండా మాయమయ్యాడు. వాళ్ళు మాత్రం సంఘం పడవలు ఆగే రేవు పక్కనే ప్లాస్టిక్ తాటిపత్రులు, అంటే టార్పాలిన్లు, కప్పుకుని ఉండిపోయారు. పొట్ట గడవాలి కాబట్టి చేపలు పడుతున్నారు. సంఘం ఊరుకోలేదు. బయటివాళ్ళను ఖాళీ చేయించాలని సంతకాలతో మా ఆఫీసుకు ఫిర్యాదు వచ్చింది.

మా జిల్లా అధికారి ఒక మేడమ్. ఫిర్యాదు నా చేతికిచ్చి వెళ్ళి చూసి రమ్మన్నారు. నేను బయల్దేరుతుంటే మా సీనియర్ అసిస్టెంటు, ముస్తాబాద్ మనిషి, నన్ను గుమ్మం దగ్గర ఆపాడు. "అన్నా, పోయినకాడ తీర్పు చెప్పకు. చూసి రా, రాసియ్యి. గంతే," అన్నాడు. ఆయన ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆఫీసు దాటి పది మైళ్ళు పోలేదు. ఆయన నాకు చెప్పేదేంటని నవ్వుకుంటూ వెళ్ళాను.

రేవు దగ్గర ముందు అధ్యక్షుడు కలిశాడు. ఆయన కోపంలో అన్యాయమేమీ కనిపించలేదు నాకు. "మేము ఊర్లు ఇడిసిపెట్టి గీ నీళ్ళు ఒప్పుకున్నం సార్. గీ నీళ్ళల్ల చాపలన్న మాయి కావాలె గద," అన్నాడు. ఆ మాట అన్నది అన్నట్టే రాసుకున్నాను.

తర్వాత గుడిసెల దగ్గరికి వెళ్ళాను. మగవాళ్ళు నీళ్ళ మీద ఉన్నారు. ఒక ముసలామె వల బాగుచేస్తూ కూర్చుని ఉంది. ఏడు కుటుంబాలకూ ఆమే పెద్ద అని కాసేపట్లోనే అర్థమైంది. నాకోసం ప్లాస్టిక్ డబ్బా ఒకటి బోర్లించి, కూర్చోమని, టీ పెట్టించింది. ఎందుకు ఇంత దూరం వచ్చారని అడిగాను. సముద్రం వదిలి చెరువులాంటి ఈ నీళ్ళలో చేపలకు వస్తారా అని, కొంచెం ఎగతాళిగానే అడిగాను.

"మా అత్తారిల్లు సముద్రంలో ఉందండి," అంది ఆమె, సూది ఆపకుండానే. "నా మొగుడు కట్టిన ఇల్లూ సముద్రంలోనే ఉంది. మూడోది మా అబ్బాయి కట్టేడు. మొన్న తుఫానుకి దాని వంటగది పోయింది. ఇంక ఎనక్కి జరగడానికి చోటు లేదండి. ఎనకాల రోడ్డు, రోడ్డెనకాల ఎవరివో రొయ్యల చెరువులు."

సముద్రం ముందుకు రావడం ఎప్పుడూ ఉండేదేగా అన్నాను.

"వచ్చి ఎల్లిపోయేదండి ఇదివరకు. ఇప్పుడు వచ్చింది వచ్చినట్టే ఉండిపోతంది."

ఊరి గుడి, ఎండుచేపలు ఆరబెట్టే ఇసుక మేట, పడవలు లాక్కునే ఒడ్డు, అన్నీ తన కళ్ళముందే ఒక్కొక్కటిగా పోయాయట. ఒడ్డు పోతే పడవ పెట్టుకునే చోటుండదు, పడవ లేకపోతే వేట ఉండదు. అందుకని ఎవరు ఎక్కడికి పిలిస్తే అక్కడికి పోతున్నారు. ఆమె ఇదంతా ఏడుస్తూ చెప్పలేదు. బస్సు టైములు చెప్పినట్టు చెప్పింది.

సముద్రమట్టం పెరుగుతోందని టీవీలో చెప్తుంటే నేను చానెల్ మార్చే రకం. కోరుట్లకు సముద్రం ఎంత దూరం? మా వీధిలో సగం ఇళ్ళవాళ్ళు గల్ఫ్‌లో సముద్రం పక్కనే పనిచేస్తారు, వాళ్ళు కూడా సముద్రం గురించి ఎప్పుడూ చెప్పలేదు. అట్లాంటిది ఆ రోజు ఆమె ఇచ్చిన టీ తాగుతూ, ఇది నా ఉద్యోగం దాకా వచ్చిందే అనుకున్నాను.

నిషేధించిన వలలు వాళ్ళు వాడటం లేదు. అయినా సంఘంలో సభ్యులు కాదు, పట్టే హక్కు లేదు. ఉన్నది ఉన్నట్టు రాసిస్తే మేడమ్ పైకి పంపేవారు, పైనుంచి ఏదో ఒకటి వచ్చేది. కానీ నాకు ఇద్దరి బాధా కనిపించింది. ఇద్దరినీ ఒప్పించాలని బుద్ధి పుట్టింది. నిర్ణయం వచ్చేదాకా చేపలు పట్టడం మానేసి సంఘానికే కూలికి వల లాగమని వీళ్ళకు చెప్పాను. రేవు నుంచి వాళ్ళను దూరంగా పంపుతానని అధ్యక్షుడికి మాటిచ్చాను. గట్టుకు అవతలి వైపు, నీళ్ళకు దగ్గరగా ఒక మిట్ట ఉంది. తుమ్మచెట్ల నీడ ఉంది. గుడిసెలు అక్కడికి మార్చుకోండి అన్నాను.

ముసలామె నాతోపాటు ఆ మిట్ట దాకా వచ్చింది. చుట్టూ చూసి ఒకే మాట అడిగింది. "నీళ్ళు ఎందాకా వస్తాయండి?"

మిట్ట వాలులో, మా కాళ్ళకు చాలా కిందుగా, ఎండిపోయిన నాచూ చెత్తా ఒక వరుసగా పడి ఉంది. పోయిన వానాకాలం నీళ్ళు ఆగిన గుర్తు అది. దానివైపు వేలు చూపించాను. "అంతే. అంతకు మించి రావు. నేను చెప్తున్నా గదా," అన్నాను.

ఆ శనివారం ఇంటికి వచ్చి నా భార్యతో, రెండు వర్గాల మధ్య రాజీ కుదిర్చానని గొప్పగా చెప్పుకున్నాను. ఆమె బియ్యం ఏరుకుంటూ, మంచిదే అంది.

నాకు తెలియనిది ఏమిటంటే, కొత్త కట్టకు ఒకేసారి పూర్తిగా నీళ్ళు నింపరు. ఏడాదికింత అని పెంచుకుంటూ పోతారు. పోయిన ఏడు నీళ్ళు ఆగిన చోటు వేరు, అవి ఆగాల్సిన చోటు వేరు. ఇది ఇరిగేషన్ ఆఫీసులో ఎవరికి ఫోన్ చేసినా చెప్పేవాళ్ళు. ఆ ఫోన్ నేను చేయలేదు. ఇంకో సంగతి కూడా చూడలేదు. ఆ మిట్టకూ గట్టుకూ మధ్య నేల లోతుగా ఉంటుంది. నీళ్ళు పెరిగితే మిట్ట మునగడానికి ముందు ఆ పల్లం నిండుతుంది. దారి ముందు పోతుంది, ఇల్లు తర్వాత పోతుంది.

వానాకాలం చివర్లో, సెప్టెంబరులో, నాలుగు రోజులు ముసురు పట్టింది. ఆదివారం నేను కోరుట్లలో ఇంట్లో ఉన్నాను. పొద్దున ఎనిమిదింటికి చాయ్ తాగుతూ ఫోన్ చూస్తే, మా ఆఫీసు గ్రూపులో ఇరిగేషన్ వాళ్ళ మెసేజి ఉంది. పైనుంచి వరద ఎక్కువగా వస్తోందని, ఈసారి జలాశయాన్ని పూర్తిమట్టం దాకా నింపుతున్నారని, సాయంత్రానికి నిండుతుందని, ఒడ్డున ఎవరూ ఉండొద్దని. కింద పూర్తిమట్టం అంకె వేశారు. పోయిన ఏడు ఎంతదాకా నింపారో నాకు గుర్తుంది, ఎందుకంటే ఆ నీళ్ళ లెక్కనే చేపపిల్లలను వదిలించాను. రెండింటికీ తేడా మనిషి నిలువుకు రెండింతలు.

గ్లాసు కింద పెట్టాను.

వాళ్ళందరికీ కలిపి ఒకటే ఫోన్, ముసలామె కొడుకు దగ్గర. అది స్విచాఫ్. మేడమ్‌కు చేశాను. ఆమె ఒక్క ప్రశ్న కూడా వేయకుండా, పోలీసులకూ రెవెన్యూ వాళ్ళకూ నేను చెప్తాను, మీరు సంఘంవాళ్ళను పట్టుకోండి అన్నారు. అధ్యక్షుడికి ఫోన్ చేయడానికి నాకు నోరు రాలేదు. ఆ ఏడు కుటుంబాలను వెళ్ళగొట్టమని మొదటి సంతకం పెట్టినవాడు ఆయన. అయినా ఇంకెవరున్నారు?

ఆయన రేవులోనే దొరికాడు. జగిత్యాలలో బిడ్డ ఇంటికి శుక్రవారం వెళ్ళాడట, అప్పుడే మొదటి బస్సుకు దిగి, పడవలు కట్టేయడానికి నేరుగా రేవుకు వచ్చాడట. నేను సంగతి చెప్పాను. నా తప్పు అని కూడా చెప్పాను.

"మేము ఎల్లగొట్టమన్నం గని ముంచమన్లే గద సార్," అన్నాడు. "పోతున్న. మీరు రండ్రి."

ఆ మాటతో సగం ప్రాణం లేచొచ్చింది. చొక్కా వేసుకుని బస్టాండుకు పరుగెత్తాను. కథలాపూర్ మీదుగా వేములవాడ పోయే బస్సు దొరికింది గానీ, రుద్రంగి దాటక ముందే వాగు రోడ్డు మీదుగా పోతోందని బస్సును వెనక్కి తిప్పారు. మళ్ళీ కోరుట్ల, అక్కడినుంచి జగిత్యాల, అక్కడ ఇంకో బస్సు. ఇంత చుట్టు తిరిగి సిరిసిల్ల చేరాలి. జగిత్యాలలో బస్సు ఎక్కి కూర్చున్నాక అధ్యక్షుడి నుంచి ఫోన్ వచ్చింది. గాలి హోరులో మాట సరిగ్గా వినబడటం లేదు.

"మిట్ట కాడ ఉన్నం సార్. సుట్టు నీళ్ళే. ఇండ్లు లేవు. తాటిపత్రి ఒకటి తుమ్మచెట్టుకు తట్టుకొని ఉన్నది. మనుషులు కనవడ్తలేరు."

అంతే, ఫోన్ కట్టయింది. తర్వాత ఎన్నిసార్లు చేసినా కలవలేదు.

నా సర్వీసంతటిలో అంత పొడుగు ప్రయాణం లేదు. ఏడు కుటుంబాలు అంటే ఇరవై తొమ్మిది మంది. విచారణ రోజు నేనే రాసుకున్నాను. అందులో చంకలో ఉన్న పిల్లలు ఇద్దరు. సముద్రాన్ని తప్పించుకుని వచ్చినవాళ్ళను తీసుకెళ్ళి నేను నీళ్ళ ముందు కూర్చోబెట్టాను. పైగా భరోసా ఇచ్చాను. పక్కన కూర్చున్న మనిషి దుబాయ్ నుంచి సెలవు మీద వచ్చినవాడు, నా ముఖం చూసి ఏమైందని అడిగాడు. ఎవరికైనా చెప్పకపోతే ఊపిరాడేలా లేదు, చెప్పేశాను. ఆయన ఓదార్చలేదు. "పోయినంకనే తెలుస్తది సార్. నడిమిట్ల మీరేం జేస్తరు," అని తన నీళ్ళసీసా చేతికిచ్చాడు. వేములవాడలో దిగిపోతూ భుజం మీద చెయ్యి వేసి వెళ్ళాడు.

మధ్యాహ్నం మూడు దాటింది నేను గట్టు చేరేసరికి. వాన తగ్గింది. నీళ్ళు మాత్రం నేను ఎన్నడూ చూడనంత ఎత్తున, మట్టిరంగులో, చప్పుడు లేకుండా ఉన్నాయి. మిట్ట లేదు. తుమ్మచెట్ల కొసలు నాలుగు కనిపిస్తున్నాయి. వాటి మధ్య సంఘం పడవ ఒకటి తిరుగుతోంది. నేను చెయ్యి ఊపితే ఒడ్డుకు తెచ్చారు. అధ్యక్షుడు, ఆయనతోపాటు అవతలి కాలనీవాళ్ళు ఇద్దరు, ముగ్గురూ తడిసి వణుకుతున్నారు. పొద్దున తొమ్మిదింటి నుంచి వెతుకుతున్నారట. ఫోన్ నీళ్ళు తాగి చచ్చిపోయిందట. పోలీసులూ రెవెన్యూవాళ్ళూ వాగుల దగ్గర రోడ్లు ఆపే పనిలో ఉండి ఇంకా రాలేదట. నేనేమీ ఆలోచించకుండా పడవ ఎక్కాను. ఈత రాదన్న సంగతి నడి నీళ్ళలో గుర్తొచ్చింది. రెండు చేతులతో పడవ అంచు పట్టుకుని, కళ్ళు మాత్రం నీళ్ళ మీద పెట్టి కూర్చున్నాను.

ఒక చోట ప్లాస్టిక్ డబ్బా తేలుతూ కనిపించింది. ఆ రోజు నన్ను కూర్చోబెట్టిన డబ్బా లాంటిదే. అధ్యక్షుడు దాన్ని అందుకుని పడవలో వేశాడు. ఆయన చెట్లకొసల వైపు తిరిగి, అవ్వా, అవ్వా అని రెండుసార్లు పిలిచాడు. అంతకుముందు ఆయన ఆమెను ఎప్పుడూ పలకరించినట్టు నాకు తెలియదు.

అప్పుడు గట్టు మీద ఎవరో కేకలు వేయడం వినిపించింది. ఒక ఆడమనిషి, కొంగు తలమీద వేసుకుని, రెండు చేతులూ ఊపుతోంది. అధ్యక్షుడి భార్య. పడవ దగ్గరికి పోతున్నకొద్దీ ఆమె తిడుతోందని తెలిసింది.

"పొద్దుగాల దిగినోనివి ఇంటికి రావా? ఫోన్ ఎత్తవా? ఎవల కోసం దేవులాడుతున్నవ్ గీ నీళ్ళల్ల?"

అధ్యక్షుడు చెప్పాడు. ఆమె ఒక్క క్షణం ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూసింది.

"వాళ్ళు మన బడి వరండల ఉన్నరు. శుక్రారమే తోలుకొచ్చిన," అంది.

అధ్యక్షుడు పడవలోనే చతికిలబడ్డాడు. కాసేపటికి నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వుతూనే తడి చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. మరి నాకెందుకు చెప్పలేదని అడిగితే ఆమె, "చెప్తే నువ్వు లొల్లి వెడ్తవని చెప్పలే," అంది.

నేను పడవ దిగి గట్టు రాళ్ళ మీద కూర్చున్నాను. ఆ క్షణం ఎంత తేలికగా అనిపించిందో చెప్పడానికి నా దగ్గర మాటలు తక్కువ. ఆకలి వేసింది, అది గుర్తుంది. పొద్దున చాయ్ తర్వాత ఏమీ తినలేదన్న సంగతి అప్పుడు తెలిసింది.

బడి వరండాలో అందరూ ఉన్నారు. లెక్కపెట్టాను. మళ్ళీ లెక్కపెట్టాను. ఇరవై తొమ్మిది. శనివారం నుంచి కాలనీలో కరెంటు లేదు, అందుకే ఫోన్ పనిచేయలేదు. కాలనీ ఆడవాళ్ళు తలా ఇంత బియ్యం వేసి వండిపెడుతున్నారు. వలలు, సామాను అన్నీ గోడకు పేర్చి ఉన్నాయి. పాత తాటిపత్రులు రెండు, డబ్బా ఒకటి తప్ప ఏమీ పోలేదు.

అసలేం జరిగిందో అధ్యక్షుడి భార్య చెప్పింది. గుడిసెలు మిట్ట మీదికి మారిన వారంలోనే ముసలామె కాలనీకి వచ్చి, ఈ నేల బాగా ఎరిగినవాళ్ళు ఎవరని అడుగుతూ ఈమె ఇంటికి చేరిందట. ఆ మిట్ట ఈమె చిన్ననాటి నుంచీ మేకలు మేపిన మిట్ట. నిండు వానకు మిట్ట వెనక పల్లం ఎట్లా నిండుతుందో ఈమెకు తెలుసు. తమ ఊరు మునిగిన రోజు ముందు దారే పోయిందని కూడా ఈమెకు తెలుసు. ముసురు మొదలైన రెండో రోజే వెళ్ళి అందర్నీ బయల్దేరదీసింది.

నేను ముసలామె ముందు నిలబడ్డాను. నేను చూపించిన గీత తప్పని, తెలుసుకోకుండా చెప్పానని, క్షమించమని అన్నాను. ఉద్యోగంలో చేరాక ఆఫీసరు కాని మనిషికి క్షమాపణ చెప్పడం అదే మొదలు.

ఆమె నన్ను కూర్చోమంది. ఈసారి కూర్చోబెట్టడానికి డబ్బా లేదు, నేల మీదే కూర్చున్నాను.

"మా ఊళ్ళో కూడా ఒక ఆఫీసరుగారు రాయి పాతించేరండి. సముద్రం ఇక్కడితో ఆగుద్దన్నారు. ఆ రాయి ఇప్పుడు నీళ్ళలో ఉంది. ఆయన మంచోడే బాబూ, అబద్ధం చెప్పలేదు. మీరూ మంచోరే. అందుకనే ఇంకోళ్ళని కూడా అడిగేను."

అని, నాకు అన్నం పెట్టమని కోడలికి చెప్పింది. పప్పూ, చింతకాయ పచ్చడి. అంత రుచిగా నేను ఎప్పుడూ తినలేదు.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. కానీ ఆ సాయంత్రం మేడమ్ ఫోన్ చేసి ఎంతమంది పోయారని అడిగితే, అందరూ క్షేమం అన్నాను. ఆమె సంతోషంతో నా మాట పూర్తిగా వినలేదు. మా ఫీల్డ్‌మన్ సమయానికి స్పందించి ఏడు కుటుంబాలను తరలించాడని పైకి చెప్పేశారు. డిసెంబరులో తెలిసింది, గణతంత్ర దినోత్సవానికి ప్రశంసాపత్రాలు ఇచ్చే జాబితాలో నా పేరుందని.

రెండు రోజులు నేను నోరు విప్పలేదు. ఇది కూడా చెప్పాలి కదా. ప్రశంసాపత్రం పట్టుకుని ఫోటో దిగి రిటైరవడం ఎవరికి చేదు? మూడో రోజు ముస్తాబాద్ మనిషికి విషయం చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి, "తీర్పు చెప్పకు అంటె చెప్పినవ్. గిప్పుడన్న ఉన్నది ఉన్నట్టు రాసియ్యి," అన్నాడు. ఆఫీసు దాటని మనిషికి ఎంత తెలుసో అప్పుడు అర్థమైంది.

రెండు పేజీలు రాసి మేడమ్ టేబుల్ మీద పెట్టాను. మిట్ట నేనే చూపించానని, నీటిమట్టం ఎవరినీ అడగలేదని, కాపాడింది ఇద్దరు ఆడవాళ్ళని. ఆమె రెండు పేజీలూ చదివారు. "మీకు ఇంకో నాలుగు నెలలే సర్వీసు ఉంది. ఇది రాయకపోయినా ఎవరికీ తెలియదు," అన్నారు. తెలుసు మేడమ్ అన్నాను. ఆమె కాగితం వెనక్కి ఇవ్వలేదు. జాబితాలో నా పేరు కొట్టేయించి ఆ ఇద్దరి పేర్లు రాయించారు. నా మీద చర్య కూడా తీసుకున్నారు, చిన్నదే, ఒక మెమో. అది ఇప్పటికీ నా బీరువాలో ఉంది. మెమో ఇచ్చిన రోజే మేడమ్ ఇరిగేషన్ వాళ్ళకు ఉత్తరం పెట్టి, పూర్తిమట్టం ఎక్కడిదాకా వస్తుందో జలాశయం చుట్టూ రాళ్ళు వేయించి రంగు కొట్టించారు. సంఘం కూడా సమావేశం పెట్టుకుంది. ఆ కుటుంబాలు సీజను ముగిసేదాకా సంఘం కిందే పని చేయొచ్చని, అధ్యక్షుడే ముందు చెయ్యి ఎత్తాడట. తర్వాత మూడు కుటుంబాలు తమ ఊరికి వెళ్ళిపోయాయి, ఊరు ఉన్నన్నాళ్ళు అక్కడే ఉంటామని. నాలుగు ఉండిపోయాయి. వాళ్ళ ఆడపిల్ల ఒకామె సిరిసిల్లలో మరమగ్గాల దగ్గర పనికి కుదిరింది.

జనవరి ఇరవై ఆరున జెండావందనం దగ్గర ఆ ఇద్దరి పేర్లూ మైకులో పిలిచారు. ఇద్దరూ రాలేదు. పండుగ సెలవు రోజు కదా, చేపలకు గిరాకీ. మేడమ్ రెండు ప్రశంసాపత్రాలూ నాకిచ్చి, మీరే తీసుకెళ్ళి ఇవ్వండి అన్నారు. ఆ ముఖంలో నవ్వు దాగలేదు.

ఆటోలో రేవుకు వెళ్ళాను. పొద్దెక్కింది, నీళ్ళు తేటగా ఉన్నాయి. ఒడ్డున పెద్ద వల లాగుతున్నారు. ఒక తాడు దగ్గర అధ్యక్షుడి భార్య, ఆమె వెనక ముసలామె. నేను కాగితాలు చూపించి, ఇవి మీకు కలెక్టరు ఇచ్చినవని గట్టిగా చెప్పాను.

అధ్యక్షుడి భార్య తల తిప్పలేదు. "ఆ కాయిదాలు ఆడ బండ మీద వెట్టుండ్రి సారూ. వచ్చి గీ తాడు వట్టుండ్రి, బరువైతాంది."

"జారుద్దండి," అంది ముసలామె. "కాళ్ళు ఆనించి పట్టుకోండి."

కాగితాలు ఎగిరిపోకుండా మీద రాయి పెట్టాను. చెప్పులు విప్పి, కాళ్ళు ఆనించి, ఇద్దరి మధ్యలో తాడు పట్టుకున్నాను. ఎంత లాగాలో, ఎప్పుడు ఆపాలో వాళ్ళే చెప్పారు.